చెప్పాల్సింది ఏమన్నా ఉందా

తలుపు మూసుకుంది. అవతల గువ్వ ఏడవలేదు. ఏడుస్తుందేమోనని చెవి తలుపుకి ఆనించి నిలబడ్డ ఆమెకి ముందు హమ్మయ్య అనిపించింది, ఆ వెంటనే ఎక్కడో చిన్న ఉక్రోషం పొడుచుకొచ్చింది, పదేళ్ళుగా కొంగు వదలని పిల్ల ఈల టీచరు వేలు పట్టుకుని వెనక్కి తిరిగైనా చూడకుండా ఎలా పోయిందీ అని. పోతే మంచిదే కదా, దానికోసమే కదా ఏడు నెలలు ఇలాంటి పిల్లల్ని శనివారాలు చూసుకునే ఈ కేంద్రం వెయిటింగ్ లిస్టులో పేరు రాయించుకుని కాచుక్కూచుంది అని మళ్ళీ తనే సర్దిచెప్పుకుంది. ఈల టీచరు ఒకప్పుడు బళ్ళో ఆటల టీచరట. మెడలో ఈల ఇంకా వేళ్ళాడుతూనే ఉంటుంది గానీ ఊదదు, ఇక్కడికొచ్చే పిల్లల్లో సగం మందికి ఆ చప్పుడు పడదు. ఊదని ఈల మెళ్ళో ఎందుకండీ అని ఎవరో అడిగితే, తీసేస్తే మెడ బోసిగా ఉంటుంది అందట. కసిరే మనిషి కాదు, కానీ మాటంటే మాటే. "శనివారం మూడింటి నుంచి నాలుగింటి దాకా పిల్లలు మావాళ్ళు. ఆ గంట మీది. లోపలికి రాకూడదు, కిటికీలోంచి తొంగి చూడకూడదు. ఫోన్ ఈ డబ్బాలో వేసెయ్యండి. నిజంగా అవసరం పడితే నేనే పరిగెత్తుకొచ్చి పిలుస్తా, ఆవరణ మాత్రం దాటకండి," అని ఫోన్ పుచ్చుకుని రేకు డబ్బాలో పడేసింది. చేరేటప్పుడు నింపిన ఫారంలో చివరి గడి కూడా ఈవిడ పెట్టించిందే: ఈ గంట మీరు ఎలా గడుపుతారు. గువ్వకి ఏం తింటే పడుతుంది, ఏ రంగు చూస్తే భయం, ఎక్కడ ముట్టుకుంటే కొట్టుకుంటుంది, అన్నీ చకచకా రాసిన ఆమె చెయ్యి ఆ గడి దగ్గర ఆగిపోయింది. చాలాసేపటికి, మా ఆయనతో మాట్లాడతాను, అని రాసింది. రాశాక ఏదో రాయకూడనిది రాసినట్టు చెవులు వేడెక్కాయి. ఈల టీచరు చదివి నవ్వలేదు. చాలామంది నిద్ర అని రాస్తారు, మీరు నయం, అంది.

వసారాలో పొడుగాటి బెంచీ ఉంది, ఎదురుగా గేటు, గేటు అవతల బస్సు స్టాపు. ఆఫీసు గది కిటికీ ఊచల్లోంచి గోడ గడియారం కనిపిస్తుంది, మూడూ ఎనిమిది. బెంచీకి ఆ కొసన ఒకావిడ అప్పుడే నిద్రలో ఉంది, కూర్చున్నది కూర్చున్నట్టే, ఒళ్ళో సంచి, సంచి మీద రెండు చేతులు, నోరు కొంచెం తెరుచుకుని. గంట ఇస్తే గంటా నిద్రపోయే మనిషి, ఎంత అదృష్టం, తను కూడా నిద్ర అని రాసి ఉంటే సరిపోయేది, నిద్రకి రెండో మనిషి రానక్కర్లేదు. ఈ కొసన ఒక తాతయ్య పేపరు మడిచి మోకాలి మీద పెట్టుకుని గళ్ళు నింపుకుంటున్నాడు, పెన్ను నోట్లో పెట్టి తీస్తూ. ఆమె మధ్యలో కూర్చుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పిల్ల చెయ్యి పట్టుకోవడమో, పిల్ల తలకీ గోడకీ మధ్య అడ్డం పెట్టడమో, మూత తియ్యడమో, మూత పెట్టడమో, ఎప్పుడూ ఏదో ఒకటి చేసే చేతులు, ఇప్పుడు ఒళ్ళో పెడితే ఎవరివో తెచ్చి పెట్టినట్టున్నాయి. మూత అనుకోగానే ఆకుపచ్చ గిన్నె మూత గుర్తొచ్చింది. అది తర్వాత ఆలోచిద్దాం. ఆయన రానీ. రెండింటికి షిఫ్ట్ అయిపోతుంది, పంపుల గదిలోనే స్నానం చేసి బస్సెక్కితే మూడు లోపల దిగాలి, మూడూ పదికి దిగినా దిగినట్టే, మూడింటికని పుస్తకంలో రాసింది, సరే అని ఆయన రాశాడు కూడా. సరే. ఆ ఒక్క మాట. వంకర ర, కింద గీత. ఆయన గీత గీస్తే ఖాయమని అర్థం, మందు వేశాననే చోట కూడా అలాగే గీస్తాడు.

పుస్తకం ఆయన ఆలోచనే. నీళ్ళు శుద్ధి చేసే ప్లాంటులో ఆయన ఆపరేటరు, అక్కడ షిఫ్ట్ మారేటప్పుడు ఒకడు దిగి ఇంకొకడు ఎక్కే ముందు రిజిస్టరులో అన్నీ రాయాలి, ఏ పంపు వేడెక్కింది, ఏ ట్యాంకు కడిగారు, ఏ వాల్వు కారుతోంది. రాసి ఊరుకుంటే చాలదు, వచ్చినవాడు వెళ్ళేవాణ్ణి మొహం చూసి అడగాలి, చెప్పాల్సింది ఏమన్నా ఉందా అని. ఏం లేదు అని వాడంటేనే వీడు కుర్చీలో కూర్చోవాలి. అది అక్కడి పద్ధతి, ఎవడో ఎప్పుడో అడక్కుండా కూర్చుంటే రాత్రికి రాత్రి సగం పట్టణానికి బురద నీళ్ళు పోయాయట. గువ్వ నాలుగేళ్ళదప్పుడు, ఇద్దరిలో ఎవరో ఒకరు ఎప్పుడూ దాని దగ్గరుండక తప్పదని తేలిపోయాక, ఆమె ఆసుపత్రి లాండ్రీలో సాయంత్రం షిఫ్ట్‌కి మారింది, ఆయన పొద్దుటి షిఫ్ట్ పట్టుకున్నాడు, వారపు సెలవులు కూడా చెరొక రోజు వేయించుకున్నారు. ఇల్లు రెండు షిఫ్టుల కంపెనీ అయింది. ఆమె నడిరాత్రి తిరిగొచ్చేసరికి ఆయన నిద్రలో ఉంటాడు, లేపదు, గువ్వ పక్కన చాప మీద ఒరుగుతుంది. ఆయన పొద్దున్నే చీకట్లో రాసిపెట్టి వెళ్తాడు, మందు సగం ఉమ్మింది, చెవి పట్టుకుంటోంది చూడాలి, ఎడమ చెప్పు తొడిగితే కొట్టుకుంది. ఆమె మధ్యాహ్నం గువ్వని తీసుకుని వీధి చివర బస్సులు తిరిగే చోటికి వెళ్తుంది. ఆయన దిగిన బస్సే ఆమె ఎక్కాలి. డ్రైవరు నీళ్ళు తాగి మొహం కడుక్కునే నాలుగు నిమిషాలే వాళ్ళ సంసారం. తిన్నది, పోయింది, పడుకోలేదు, అని ఆమె అప్పజెబుతుంది. ఆయన మొహం చూసి అడుగుతాడు, చెప్పాల్సింది ఏమన్నా ఉందా. ఏం లేదు, అంటుంది. గువ్వ అమ్మ చిటికెన వేలు వదిలి నాన్న చిటికెన వేలు పట్టుకుంటుంది. అంతే. ఆరేళ్ళు.

ఆ పిల్ల మాట్లాడిన మొదటి పూర్తి వాక్యం కూడా అదే. అమ్మ అనలేదు, అన్నం అనలేదు. ఒకరోజు బస్సు దగ్గర ఆయన తుమ్మొచ్చి ఆగితే, మధ్యలో నిలబడి ఆయన గొంతులాగే, ఆయన విరుపుతో సహా, చెప్పాల్సింది ఏమన్నా ఉందా, అంది. ఆమె రోడ్డు మీదే ఏడ్చింది. మాటలు నేర్పే డాక్టరు తర్వాత చల్లగా చెప్పాడు, అది ప్రశ్న కాదమ్మా, గడియ పడ్డ చప్పుడు లాంటిది, చేతులు మారే ముందు ఆ చప్పుడు వినబడాలి దానికి, అంతే, ఎక్కువ ఆశ పెట్టుకోకండి. పెట్టుకోలేదు. కానీ ఏం లేదు అని జవాబు రాకపోతే గువ్వ వేలు వదలదు, అది మాత్రం నిజం. ఒకసారి ఆమె పరధ్యానంగా ఊఁ అంటే, పిల్ల అదే మాట పదకొండుసార్లు అడిగింది, బస్సు పోయింది, లాండ్రీలో సగం రోజు జీతం కోత పడింది. అప్పట్నుంచీ ఏం లేదు అనడం ఆమెకి ఊపిరి తీసుకున్నంత అలవాటైపోయింది. జ్వరంతో ఉన్నరోజు ఏం లేదు. తన అమ్మ పోయిన కబురు ఫోన్లో వచ్చిన రోజు కూడా ముందు ఏం లేదు అనేసి, బస్సెక్కి, రెండు స్టాపులు దాటాక గుర్తొచ్చింది, చెప్పలేదని.

మూడూ ఇరవై రెండు. గేటు ముందు ఒక బస్సు ఆగింది. ఇద్దరు దిగారు, ఒకడు గొడుగుతో, ఒకడు గొడుగు లేకుండా, ఇద్దరిలో ఆయన లేడు. లోపలి నుంచి నీళ్ళ చప్పుడు వస్తోంది. వెనక గదిలో లోతు తక్కువ తొట్టి ఉంది, గోరువెచ్చని నీళ్ళు నింపి పిల్లల్ని కూర్చోబెడతారు, గిన్నెలతో పోసుకోనిస్తారు. గువ్వకి నీళ్ళంటే ఇష్టం, నాన్న పోలిక, నీళ్ళలో చేతులు పెడితే రెండు చేతులూ రెక్కల్లా ఆడిస్తుంది, ఆ పేరు అందుకే వచ్చింది, పెట్టిందీ ఆయనే. అప్పటికింకా డాక్టర్లెవరూ ఏ మాటా అనలేదు, పిల్ల చేతులు ఆడిస్తే సంబరపడేవాళ్ళు, చూడవే గువ్వపిట్ట ఎగిరిపోతుంది పట్టుకో అనేవాడు ఆయన, ఏమండోయ్ రెక్కలు మీకూ మొలుస్తున్నాయి అనేది తను. ఏమండోయ్. ఎన్నాళ్ళయింది ఆ పిలుపు పిలిచి. మామూలు ఏమండీ కూడా కాదు, ఆటపట్టించేటప్పుడు మాత్రమే వచ్చే పిలుపు, చివర్న ఓయ్‌ని కాస్త సాగదీస్తే ఆయన చెవి వెనక గోక్కునేవాడు. పుస్తకంలో ఏమండీ లేదు, ఒసేయ్ లేదు, నువ్వు లేదు, మీరు లేదు. వేశాను, పోయింది, కావాలి, తేవాలి. ఎవరు ఎవరికి రాసినా ఒకటే. ఆ పుస్తకం ఎవరన్నా బయటివాళ్ళు చదివితే ఇద్దరు నర్సులు రాసుకున్నారనుకుంటారు, మొగుడూ పెళ్ళాలని ఎవరూ పోల్చుకోలేరు.

పద్నాలుగు రోజుల కిందటి పేజీ కళ్ళు మూసుకున్నా కనబడుతుంది. సాయంత్రం మందు ఆరున్నరకి. పాలు తాగలేదు. పై పంపుహౌసుకి మారమంటున్నారు, క్వార్టరు ఇస్తారట, ఇవాళ్టికి మూడో సోమవారం లోగా చెప్పాలి. ఆకుపచ్చ గిన్నె మూత కనబడటం లేదు. పాలకీ మూతకీ మధ్యన ఇరికించి రాశాడు ఆ మనిషి. పై పంపుహౌసంటే ఎక్కడో నది మలుపు దగ్గర, బస్సులో అయిదు గంటలు. క్వార్టరంటే ఒంటిమనిషికి సరిపోయే గది, పదిహేను రోజులకొకసారి ఇంటికి రావచ్చు. ఆమె నిలబడి చదివింది, కూర్చుని మళ్ళీ చదివింది. వంటగదిలోకి వెళ్ళి స్టవ్ వెనక చెయ్యి పెట్టింది, మూత అక్కడే ఉంది, జిడ్డు పట్టి. తోమి, తుడిచి, పెన్ను తీసుకుని రాసింది. మూత దొరికింది, స్టవ్ వెనక ఉంది. అంతే రాసింది. ఆ తర్వాత కాసేపు పెన్ను గాల్లోనే ఉంది, దాని కింద ఇంకో గీతకి చోటు కూడా ఉంది. రాయలేదు. మర్నాడు రాద్దామనుకుంది. మర్నాడు ఆయన కూడా ఆ మాటెత్తలేదు, గువ్వ గోళ్ళు కత్తిరించాలి అని రాశాడు. ఇలా పద్నాలుగు రోజులు. ఎల్లుండే సోమవారం. తీరిక లేక కాదు, తీరిక లేదనే సాకు చేతికి దొరికింది, దాన్ని పట్టుకుని ఇద్దరూ వేలాడుతున్నారు.

"అడగందే అమ్మైనా అన్నం పెట్టదు, నువ్వేమో అడక్కుండానే మొగుడు మనసు నోట్లో పెట్టాలంటావు," అంది మొన్న గడియారం అక్క. లాండ్రీలో ఆమె జోడీ. దుప్పటి మడతపెట్టాలంటే ఇద్దరు కావాలి, ఆ కొస ఒకరు ఈ కొస ఒకరు పట్టుకుని, లాగి, దులిపి, దగ్గరికి నడిచి, కొసలు కలిపి, మళ్ళీ దూరం జరగాలి. రోజుకి నాలుగువందల దుప్పట్లు. అంటే రోజుకి నాలుగువందల సార్లు గడియారం అక్క మొహం ఆమెకి జానెడు దూరంలోకి వస్తుంది, అక్క ముక్కు పక్కన మచ్చ మీద రెండు వెంట్రుకలున్నాయని కూడా తెలుసు, మొగుడి మొహం మీద ఇప్పుడేమున్నాయో తెలియదు. అక్కకి ఆ పేరు గడియారం చూడకుండా టైము చెబుతుంది కాబట్టి, పైగా నోట్లో నువ్వుగింజ నానదు, అందుకే ఆమె ఏదీ పూర్తిగా చెప్పదు, సగం చెబుతుంది. సగానికే అక్క ఒక కొస లాగి పట్టుకుని, "వెళ్తానన్నాడా?" అని అడిగింది. అనలేదక్కా. "వెళ్ళొద్దని నువ్వన్నావా?" అనలేదక్కా. "మరి మీ ఇంట్లో అనేదెవరే, గోడలా?" అని నవ్వేసి, శనివారం గంట తను చూసుకుంటానని, అయిదింటికల్లా వచ్చి పడమని, ఒంటిచేత్తో దుప్పట్లు మడతపెట్టడం తనకి రాదని చెప్పి పంపింది. అక్క ఇప్పుడు ఎలా మడతపెడుతోందో, ఒక కొస బల్ల మీద బరువు పెట్టి కాబోలు.

మూడూ ముప్ఫై ఒకటి. సగం గంట అయిపోయింది. ఆయన రాలేదు. రాకపోవడం కూడా జవాబే కదా అనిపించింది. సరే కింద గీత గీసిన మనిషి రాలేదంటే ఏదన్నా అయిందేమో, బస్సు ఆగిపోయిందేమో, ఫోన్ చేద్దామంటే డబ్బాలో ఉంది. డబ్బా ఇమ్మని అడుగుదామంటే ఈల టీచరు లోపల పిల్లలతో నీళ్ళలో ఉంది, తలుపు కొడితే గువ్వ గొంతు పోల్చుకుంటుంది, నిమ్మళంగా ఉన్న పిల్ల రేగిపోతుంది. పోనీ, వస్తే ఏమంటుంది తను? అది కదా అసలు సంగతి. పద్నాలుగు రోజులుగా వాక్యం కూర్చుకుంటోంది, ఒక్కటీ నిలబడలేదు. మీరు వెళ్తే సాయంత్రాలు గువ్వని ఎవరు చూస్తారు అంటే, షిఫ్ట్ దించడానికి రిలీవర్ లేడని పేచీ పెట్టినట్టుంటుంది. నేను లాండ్రీ మానుకోవాలి అంటే బేరంలా ఉంటుంది. వెళ్ళండి నేను చూసుకుంటా అంటే అబద్ధం, పైగా ఆయన నిజంగా వెళ్ళిపోతే? మనసు పొరల్లో ఇంకొకటి ఉంది, దాన్ని బయటికి తీయడానికే సిగ్గు. ఆ క్వార్టరేదో తనకే ఇస్తామని ఎవరన్నా అంటే, మాట పూర్తి కాకముందే ఊఁ అనేసేది. ఒక గది, ఒక తలుపు, నది. ఎవరూ తల కొట్టుకోని గోడలు. ఆ కోరిక తనకి ఉన్నప్పుడు ఆయనకి ఉండటంలో తప్పేముంది, ఏ మొహం పెట్టుకుని వద్దనాలి. తనకోసం తను ఒక కోరిక కోరుకుని, ఆయన దాన్ని నిజంగా అందుకోబోతుంటే కడుపుమంటా ఇది? లేక ఆయన లేకపోతే ఉండలేకపోవడమా? ఉండలేకపోవడమే అయితే, ఇప్పుడు ఆయన ఉన్నదెక్కడ, తెల్లవారుజామున ఆయన వెళ్ళాక మంచమెక్కితే పక్క చల్లగానే ఉంటుంది, ఆయన నిద్రపోయిన దిండు గుంట మాత్రం ఉంటుంది, ఆ గుంటలో తల పెట్టి పడుకుంటుంది ఆమె. ప్రతిరోజూ. వేరే దిండు ఉంది, దులిపి పెట్టుకోవచ్చు. దులపదు. ఆ సంగతి ఆయనకి తెలియదు, గడియారం అక్కకి తెలియదు, ఇప్పుడు ఈ బెంచీ మీద కూర్చున్నాక తనకి తెలిసింది.

తాతయ్య పేపరు ఇటు తిప్పాడు. "అమ్మాయీ, నాలుగక్షరాలు, ఎదురుచూసి అలిసిపోయేది?" అన్నాడు. "కళ్ళు అంటే రెండక్షరాలే వస్తోంది," అని ఆయనే గొణుక్కుని, పెన్ను నోట్లో పెట్టుకున్నాడు. ఇంకో బస్సొచ్చింది, పోయింది. నిద్రపోతున్నావిడ నిద్రలోనే సంచి దగ్గరికి లాక్కుంది. లోపల పిల్లలెవరో పెద్దగా నవ్వారు, ఆ నవ్వులో గువ్వది ఉందా అని చెవులు రిక్కించింది, ఉంది, గొంతు చివర చిన్న ఎక్కిళ్ళతో వచ్చే నవ్వు, ఏడాదికి నాలుగుసార్లు వస్తే గొప్ప. పక్కకి తిరిగి, వింటున్నారా, అనబోయింది. పక్కన ఖాళీ బెంచీ. ఆ క్షణం ఆమెకి ఎంత ఒంటరిగా అనిపించిందంటే, ఈ పదేళ్ళలో డాక్టరు మొదటిసారి ఆ మాట చెప్పిన రోజు కూడా అంత అనిపించలేదు, ఆరోజు పక్కన మనిషి ఉన్నాడు. కష్టం పంచుకోవడానికి షిఫ్టులున్నాయి, పుస్తకం ఉంది, పద్ధతి ఉంది. పిల్ల నవ్వింది అని చెప్పుకోవడానికి ఎవరూ లేరు. పుస్తకంలో రాయొచ్చు, మూడూ నలభైకి నవ్వింది అని. ఆయన చదివి కింద గీత గీస్తాడు.

నాలుగింటికి తలుపు తెరుచుకుంది గానీ గువ్వ రాలేదు. ఈల టీచరు తడి చేతులు తుడుచుకుంటూ ఫోన్ల డబ్బా పట్టుకొచ్చింది. "ఒక్కసారి కూడా మిమ్మల్ని అడగలేదు, నమ్ముతారా? గిన్నెతో నీళ్ళు పోసిందే పోసింది. పిల్లల్ని వెనక గేటు దగ్గర అప్పజెప్తాం, చీటీలో ఉందిగా, తడికాళ్ళతో ఈ మెట్లెక్కితే జారతారని. రండి," అంది. ఫోన్ చేతిలోకి తీసుకుంటే తెర మీద ఆరు మిస్డ్ కాల్స్, ఆరూ ఆయనవే, మొదటిది మూడూ రెండుకి. చీటీ. చేరిన రోజు ఇచ్చిన ఆ చీటీ తనే పుస్తకంలో అంటించింది. పిల్లల్ని తీసుకెళ్ళేవారు వెనక గేటు దగ్గర ఉండాలి. దాని కింద తన రాత, శనివారం మూడింటికి కేంద్రానికి రావాలి. మాట్లాడాలి అని ముందు రాసి, కొట్టేసి, అది చదవడానికి వీల్లేకుండా నల్లగా దిద్దేసింది. ఆరేళ్ళుగా తీసుకెళ్ళేవాడు ఆయన. దింపేది తను. తీసుకెళ్ళేవారు అని ఉంటే ఆయన ఇంకెక్కడ నిలబడతాడు?

వెనక గేటు దగ్గర గోడ నీడలో నిలబడి ఉన్నాడు. డ్యూటీ చొక్కా కాదు. నీలం గళ్ళ చొక్కా, పెట్టె అడుగున ఉండాల్సింది, ఇస్త్రీ మడతలు ఇంకా పోలేదు, పొట్ట దగ్గర గుండీ బిగుసుకుంది. తల దువ్వుకున్నాడు. చేతిలో రెండు కాగితం కప్పులు, ఒకటి ఖాళీ, ఇంకోదాని మీద మూత పెట్టే ఉంది. "ఎత్తవే ఫోను? నువ్వు లోపల దాంతోనే ఉండిపోయావనుకున్నా," అన్నాడు. ఈలోగా గువ్వ వచ్చింది, తడి జుట్టుతో, చేతులు రెక్కల్లా ఆడిస్తూ, వచ్చి ఒక చేత్తో ఆమె చిటికెన వేలు పట్టుకుంది. ఈల టీచరు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "ఏం, మాట్లాడుకున్నారా? ఈవిడ ఒక్కతే ఫారంలో మా ఆయనతో మాట్లాడతాను అని రాసింది," అంది. ఆయన ఆమె వైపు తిరిగాడు. ఆమె నేల చూసింది. "ఆఁ, మాట్లాడుకున్నామండీ," అన్నాడు ఈల టీచరుతో, మెల్లగా.

గోడ వెంట ముందు గేటు వైపు నడిచారు. మూడు నిమిషాల నడక. ఆ గోడకి ఇటు ఒక గంట, అటు ఒక గంట. ఆమెకి నవ్వొచ్చింది. ఆయన మూత పెట్టిన కప్పు ఒలక్కుండా పట్టుకుని నడుస్తున్నాడు, చల్లారిన టీని అంత జాగ్రత్తగా ఎవరైనా మోస్తారా. స్టాపు చేరేసరికి దూరంగా బస్సు కనిపిస్తోంది, నాలుగూ పదిది, అది ఎక్కితేనే అయిదింటికి లాండ్రీ. "తిన్నది," అంది ఆమె. "నీళ్ళలో ఏడవలేదు. నవ్వింది." అప్పజెప్పడం అయిపోయింది. ఇప్పుడు ఆయన అడగాలి. అడగలేదు. బస్సు వైపు చూస్తూ నిలబడ్డాడు. బస్సొచ్చి ఆగింది. మధ్యలో నిలబడ్డ గువ్వ ఆయన మొహంలోకి చూసింది, ఆమె మొహంలోకి చూసింది. ఎక్కడో గడియ పడాల్సిన చప్పుడు పడలేదు.

"చెప్పాల్సింది ఏమన్నా ఉందా?" అంది గువ్వ, నాన్న గొంతుతో.

"ఉంది," అంది ఆమె.

గువ్వ కదల్లేదు. రావాల్సిన మాట అది కాదు.

"ఏమండోయ్," అంది ఆమె, ఓయ్‌ని సాగదీయకుండానే. "వెళ్ళకండి."

డ్రైవరు హారన్ కొట్టాడు. ఆయన చెయ్యి చెవి వెనక్కి పోయి, సగంలో ఆగింది. "నువ్వు మూత దొరికిందని రాశావు," అన్నాడు. "పద్నాలుగు రోజులు చూశాను, దాని కింద ఇంకేమన్నా రాస్తావని. మౌనం అంగీకారం అంటారు కదా, సరేలే, నా మొహం చూసీ చూసీ విసుగొచ్చిందేమో, పొమ్మనలేక ఊరుకుందేమో అనుకున్నా."

"అంగీకారం కాదు, భయం," అంది. "నాకు చాతకాలేదు, అంతే. మూత గురించి రాయడం తేలిక."

"ఎక్కుతారా లేదా?" అన్నాడు కండక్టరు. ఆమె ఎక్కలేదు. బస్సు పోయింది. గడియారం అక్క తిడుతుంది, తిట్టనీ.

"చెప్పాల్సింది ఏమన్నా ఉందా?" అంది గువ్వ మళ్ళీ, వేలు ఇంకాస్త గట్టిగా పట్టుకుని.

"ఉంది. మీ దిండు నేను దులపను." ఆయన అర్థం కానట్టు చూశాడు. "తర్వాత చెప్తా. చొక్కా బాగుంది."

గువ్వ ఆమె వేలు వదల్లేదు. రెండో చేత్తో ఆయన చిటికెన వేలు పట్టుకుని ఒక్క లాగు లాగింది, తల ఎత్తి, ఈసారి ఆయన్నే అడిగింది. "చెప్పాల్సింది ఏమన్నా ఉందా?"

ఆరేళ్ళలో రోజూ అడిగినవాడు ఆయన. ఆయన్ని అడిగినవాళ్ళు లేరు. ఆమెకి ఆ సంగతి అప్పుడు తట్టింది. ఆయన మూత పెట్టిన కప్పు స్టాపు బెంచీ మీద పెట్టి, దాని పక్కన కూర్చున్నాడు. వేళ్ళు వదలకుండా గువ్వ కూడా వెళ్ళింది, గువ్వ వెంట ఆమె.

"ఉంది," అన్నాడు.